ఆశీర్వాదం చెప్పని ఆరాధన

వీడ్కోలు సభ జరిగిన మర్నాడు పొద్దున్నే లేచి, చిట్టియ్య గారు ఏం చెయ్యాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయారు.

అలవాటు ప్రకారం మొహం కడుక్కున్నారు, ఉతికిన పంచె కట్టుకున్నారు, కండువా భుజాన వేసుకున్నారు. ఏళ్ళ తరబడి ఆ వేళకి మందిరం తలుపు తీసి, గబ్బిలాల రెట్ట ఊడ్చి, గంట కొట్టడం ఆయన పని. కాని తాళంచెవి నిన్న సభలోనే కొత్త పాస్టరు గారి చేతిలో పెట్టేశారు. మెడలో వేసిన బంతిపూల దండ మేకుకి వేలాడుతోంది, ఇంకా వాడలేదు. సంఘాలన్నిటికీ పైసభ అయిన కాన్ఫరెన్సు వారు కప్పిన శాలువాను భార్య దేవకుమారి రాత్రే మడతపెట్టి ట్రంకుపెట్టెలో దాచేసింది.

"ఎక్కడికండీ?" అంది దేవకుమారి పొయ్యి దగ్గర నుంచి.

"ఎక్కడికీ కాదు. ఊరికే."

"ఊరికే అయితే ఆ కండువా ఎందుకూ?"

ఆయన కండువా తీసి చేత్తో పట్టుకున్నారు. అంతలో గంట మోగింది. కొత్త పాస్టరు ఐజాక్ కొడుతున్నాడు. కొత్త చెయ్యి కదా, గంట తడబడుతూ మోగింది. అది విని సంతోషించాలో బాధపడాలో చిట్టియ్య గారికి తేలలేదు.

నరసాపురం నుంచి సముద్రం వైపు పోతుంటే పెద్ద మురుగు కాలవ గట్టు మీద ఉంటుంది వాళ్ళ పేట. సర్కారు లెక్కల్లో దానికి వేరే పేరేదో ఉంది. జనానికి మాత్రం అది పాలమూరోళ్ళ పేట. ఎప్పుడో ఆ కాలవ తవ్వడానికి పాలమూరు జిల్లా నుంచి మట్టిపని ముఠాలు వచ్చాయి. పని అయిపోయాక కొందరు తిరిగి వెళ్ళారు, కొందరు తాము పోసిన గట్టు మీదే పాకలు వేసుకుని ఉండిపోయారు. ఉండిపోయినవాళ్ళకు పెద్ద సాయన్న మేస్త్రీ. ఆయన తట్టా పారతో పాటు తన సంఘాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. అది మెన్నోనైట్ సంఘం.

డెల్టాలో ఆ పేరు విన్నవాళ్ళు లేరు. లూథరన్ గుడులున్నాయి, బాప్టిస్టు గుడులున్నాయి. ఎవరైనా "మీది ఏ మిషనండీ?" అని అడిగితే చిట్టియ్య గారు ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవారు. ఒకసారి "బాప్టిస్టుల్లాగేనండి, కొంచెం తేడా" అనీ, మరోసారి "శాంతిగా ఉండేవాళ్ళమండి" అనీ. బస్సులో ఒక మేస్టారు వదలకుండా గుచ్చి గుచ్చి అడిగితే, విసిగిపోయి "మా మామగారి మతం అండి" అనేశారు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే అన్నిటికన్నా ఆ జవాబే నిజమనిపించింది.

ఆయన పుట్టింది లూథరన్ కుటుంబంలో. పడుచు వయసులో ఈ పేటకి రాత్రిబడి చెప్పడానికి వచ్చారు. లేసు అల్లుకుంటూ గుమ్మంలో కూర్చునే సాయన్న మేస్త్రీ కూతుర్ని చూశారు. అక్షరాలు నేర్పే వంకతో ఆ గుమ్మం ముందు ఎక్కువసేపు నిలబడ్డారు. విషయం తెలిసి సాయన్న కోప్పడలేదు. తన పాలమూరు మాటలోనే చెప్పాడు: "బిడ్డనిస్త. గని నువ్వు నీళ్ళల్ల మునగాలె."

"నాకు చిన్నప్పుడే బాప్తిస్మం అయిందండి," అన్నారు చిట్టియ్య గారు.

"నీకు తెల్వకుండ అయింది అయినట్టు కాదు. తెలిసి మునుగు."

మునిగారు. ఆ మునక దేవుడి కోసమా, దేవకుమారి కోసమా అన్న అనుమానం ఆయన్ను చాలా ఏళ్ళు వేధించింది.

సాయన్నకు చదువు రాదు. తన సంఘం గురించి ఆయనకు తెలిసింది వేళ్ళమీద లెక్కపెట్టేంతే. చెయ్యెత్తొద్దు, ఒట్టు వెయ్యొద్దు, కోర్టుకెక్కొద్దు. ఆయన పోయినప్పుడు పేటలో బాగా చదవడం వచ్చినవాడు అల్లుడొక్కడే. ఎక్కడో పాలమూరులో ఉన్న కాన్ఫరెన్సు పెద్దలు ఆయన్ను కొన్ని నెలలు పిలిపించి పాఠాలు చెప్పి, తల మీద చేతులుంచి పంపించారు. ఆ పాఠాల్లో కొంత అర్థమైంది, చాలా అర్థం కాలేదు. ఆ కొంతతోనే ఆయన పెళ్ళిళ్ళు చేశారు, కాలవలో బాప్తిస్మాలిచ్చారు, తుపానుల్లో జనాన్ని మందిరంలో దాచారు, చచ్చినవాళ్ళను సాగనంపారు. వయసు దాటిందని కాన్ఫరెన్సు వారు కబురు చేసి, రెండు వేల సంవత్సరం మొదట్లో ఆయన్ను రిటైరు చేసి, ఐజాక్‌ను పంపారు.

ఐజాక్ తుని వైపు కుర్రాడు. బైబిలు కాలేజీలో చదివాడు. ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు, గడియారం చూసి ప్రసంగం ముగించేవాడు. చిట్టియ్య గారంటే గౌరవమే. ఇబ్బంది అక్కడ రాలేదు. పేట జనం కొత్తాయన్ని "పాస్టరు గారూ" అంటారు, చిట్టియ్య గారిని మునుపటిలాగే "అయ్యగారూ" అంటారు. జ్వరం వచ్చిన పిల్లను ఎత్తుకుని అయ్యగారి గుమ్మంలోకే వస్తారు. "నా దగ్గరికి కాదమ్మా, పాస్టరు గారి దగ్గరికి వెళ్ళండి," అంటారు ఈయన. "ఆయ్, వెళ్తామండి. ముందు మీరో మాట ప్రార్థన చెయ్యండి," అంటారు వాళ్ళు. పిల్ల తల మీద చెయ్యి పెట్టకుండా ఎలా పంపిస్తారు? పెడతారు. పెట్టాక, తన పని కాని పని చేశానని ఆ పూటంతా నలిగిపోతారు. ఆదివారం మందిరంలో వెనక వరసలో కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆ వేసవిలో ఒకరోజు అబ్రహాము పరుగెత్తుకుంటూ వచ్చాడు. అబ్రహాము ట్రాక్టరు డ్రైవరు, పేటలో యువకులందరికీ ముందుండేవాడు. నుదుటి మీద చెమట కళ్ళలోకి కారుతోంది.

"అయ్యగారూ! సమాధుల తోటలో పొక్లెయిను పెట్టి తవ్వేస్తున్నారండి. తూర్పు అంచు లేపేశారు."

కాలవ అవతల, భీమరాజు గారి చేల పక్కన, తాడిచెట్ల మధ్య ఉన్న మెరక నేల అది. పేట పుట్టినప్పటి నుంచీ చచ్చినవాళ్ళను అక్కడే పెడుతున్నారు. భీమరాజు గారు వరి మానేసి రొయ్యల చెరువులు తవ్విస్తున్నారు. ఆ చుట్టుపక్కల అందరూ అదే పని చేస్తున్నారు.

చిట్టియ్య గారు వెళ్ళి చూశారు. నేల అంచు కేకు ముక్క కోసినట్టు కోసి ఉంది. నాలుగేళ్ళ కిందటి తుపాను నీళ్ళకి దిబ్బలన్నీ చదునైపోయాయి, కర్ర సిలువలు కొట్టుకుపోయాయి. అక్కడ సమాధులున్నాయని తెలిసినవాళ్ళకు తెలుసు, తెలియనివాళ్ళకు అది గడ్డి పెరిగిన బంజరు. తవ్విన మట్టిలో ఏవైనా కనిపిస్తాయేమోనని భయపడుతూ చూశారు. ఏమీ కనిపించలేదు. అందుకు ఊరట కలగాలా వద్దా అన్నది కూడా ఆయనకు అర్థం కాలేదు.

సాయంత్రం భీమరాజు గారింటికి వెళ్ళారు. భీమరాజు గారు మర్యాదస్తుడు. కుర్చీ వేయించారు, మజ్జిగ తెప్పించారు.

"ఆ నేల మా తాతల నాటి నుంచీ మా చేలో కలిసిందేనండి," అన్నారు. "మీవాళ్ళు పెట్టుకుంటుంటే మా నాన్న గారు కాదనలేదు. అంతే. మీకు పట్టా ఏమన్నా ఉందా?"

"లేదండి."

"పోనీ నన్నేం చెయ్యమంటారు? అప్పు తెచ్చి మొదలుపెట్టిన పని. అయినా మీరు రిటైరయ్యారు కదండీ, మీకెందుకీ శ్రమ? కొత్తాయన్ని పంపండి, మాట్లాడతాను."

చిట్టియ్య గారు గ్లాసు అందుకున్నారు. ఆయనన్న దాంట్లో తప్పేముంది? తనకి నిజంగానే హక్కు లేదు. మజ్జిగ తాగి, దణ్ణం పెట్టి వచ్చేశారు.

పేటలో కుర్రాళ్ళు గునపాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"చెరువుకి వేసిన కొత్త గట్టు కొట్టేస్తామండి," అన్నాడు అబ్రహాము. "మీరు అడ్డు రాకండి."

"వద్దురా. మనం చెయ్యెత్తం."

"మనం ఎత్తకపోతే వాళ్ళు ఎత్తరా ఏంటండి? శాంతి శాంతి అంటారు. శాంతంటే లొంగిపోవడమేనా? ఆ మాట ఒక్కటి చెప్పండి నాకు."

అందరూ ఆయన వైపు చూశారు. ఆ ప్రశ్నకు జవాబు ఆయన పాఠాల్లో వినలేదు, మామగారి నోట వినలేదు. కాదని చెప్పాలని ఉంది. కాకపోతే మరేమిటో చెప్పాలి కదా. నోరు తెరిస్తే అనుకోని మాట వచ్చింది.

"రేపొద్దున్న అక్కడ ఆరాధన పెట్టుకుందాం."

"ఆరాధన చేస్తే పొక్లెయిను ఆగుద్దా అండీ?"

"నాకు తెలీదు."

ఆ మాట అనేశాక, అనే అధికారం తనకు లేదని గుర్తొచ్చి ఐజాక్ ఇంటికి వెళ్ళారు. ఐజాక్ కూడా తికమకపడ్డాడు. "నన్నడుగుతారేంటండి? అంటే, నన్నే అడగాలనుకోండి. కాని ఇది ఆరాధనా అండీ, ధర్నానా? కాన్ఫరెన్సుకి ఫోను చేసి చెప్తాను," అన్నాడు. ఇద్దరూ కలిసి ఎస్టీడీ బూతుకి వెళ్ళారు. చాలాసేపు ప్రయత్నించారు. అవతల ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

"అయితే వద్దన్నట్టా, సరేనన్నట్టా?" అన్నాడు ఐజాక్.

చిట్టియ్య గారు కండువా దులుపుకుని పేట దారి పట్టారు.

పొద్దున్నే జనం చాపలు, పీటలు తెచ్చుకుని సమాధుల తోటలో కూర్చున్నారు. ఐజాక్ దూరంగా కాలవ గట్టు మీద నిలబడ్డాడు. రానూ లేదు, పోనూ లేదు. పాట మొదలైన కాసేపటికి పొక్లెయిను వచ్చింది. తోలేవాడు చంద్రరావు, అన్నవరం దగ్గరి మనిషి. జనం కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండడం చూసి ఇంజను ఆపేశాడు. కిందికి దిగి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దేవుడి పని జరుగుతుంటే బండి తోలనండి. పిల్లలు గలవాణ్ణి," అన్నాడు వెనక కూర్చున్న ముసలావిడతో. "అయిపోయాక చెప్పండమ్మా."

చిట్టియ్య గారు వాక్యం చదివారు. ప్రసంగం చేశారు. ప్రార్థన చేశారు. ఇక మిగిలింది ముగింపు ఆశీర్వాదం. రెండు చేతులూ పైకెత్తారు. ఎత్తిన చేతుల మధ్యలోంచి చంద్రరావు కనిపించాడు. బీడీ పారేసి, చెప్పులు తొడుక్కుని, బండి మెట్టు మీద కాలు పెట్టాడు.

ఆశీర్వాదం చెబితే ఆరాధన అయిపోయినట్టే, బండి కదిలినట్టే. చేతులు అలాగే గాల్లో ఉన్నాయి. జనం తలలు వంచుకుని ఎదురు చూస్తున్నారు. ఆయన మెల్లగా చేతులు దించి, మెడ తడుముకుని, "ఇంకో కీర్తన పాడదాం," అన్నారు.

చంద్రరావు కాలు కిందికి దించాడు.

కీర్తన అయ్యాక ఇంకో వాక్యం. వాక్యం తరవాత సాక్ష్యాలు. పేటలో ఎన్నడూ నోరు విప్పని ఆడవాళ్ళు కూడా లేచి తమ కష్టసుఖాలు చెప్పుకున్నారు. మధ్యాహ్నానికి అందరికీ సంగతి అర్థమైంది గాని ఎవరూ పైకి అనలేదు. కూలికి వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళారు, వచ్చినవాళ్ళు వాళ్ళ చోట కూర్చున్నారు. అబ్రహాము కుర్రాళ్ళు గునపాలతోనే గుంటలు తీసి తాటాకు పందిరి వేశారు. దేవకుమారి లేసు దారం, సూది తెచ్చుకుంది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్ళూ తెచ్చుకున్నారు. వేళ్ళు దారం అల్లుతుంటే నోళ్ళు పాట పాడాయి. మర్నాడూ అదే ఆరాధన. ఆ తరవాతా అదే. పొద్దున్నే చంద్రరావు వచ్చి, "అయ్యగారూ, ఇవాళన్నా అవుద్దాండి?" అని అడిగేవాడు. "చూద్దామండి," అనేవారు ఈయన. చంద్రరావు తాడిచెట్టు నీడలో తువ్వాలు పరుచుకుని పడుకునేవాడు. రాగం పట్టుబడ్డాక పడుకునే పల్లవి అందుకునేవాడు.

జనం హుషారుగా ఉన్నారు. చిట్టియ్య గారికి మాత్రం మనసు మనసులో లేదు. అన్నానికి ఇంటికి వచ్చినప్పుడు భార్యతో అన్నారు.

"కుమారీ, నేను చేస్తున్నది భక్తేనంటావా?"

"కాకపోతే ఏంటండీ?"

"మేకలు రాకుండా ముళ్ళకంప నాటినట్టు, దేవుణ్ణి తీసుకెళ్ళి అడ్డంగా పెట్టానేమో. ముగించాల్సిన ఆరాధన ముగించకుండా పట్టుకుని కూర్చున్నాను. పైగా రిటైరైనవాణ్ణి. ఆశీర్వాదం చెప్పే హక్కు నాకు లేదు, చెప్పకుండా ఆపే హక్కుందా?"

దేవకుమారి కంచంలో పులుసు వేస్తూ ఆలోచించింది. "నాకవన్నీ తెలీదండి. మీరు మానేస్తే రేపు ఆ బండి ఎవరి మీదగా పోతుందో అదొక్కటే తెలుసు," అంది. గరిటె గిన్నెలో పెట్టి, "మీరు చేసేది తప్పే అయితే మనమందరం కలిసే చేస్తున్నాం. మీరొక్కరే మోయక్కర్లేదు," అంది.

ఆయనకు కొంత తేలికపడింది. చెయ్యి కడుక్కునేసరికి ఆ తేలిక మళ్ళీ పోయింది.

మొదటి రోజు నుంచీ ఆయన ప్రార్థనలో భీమరాజు గారి పేరు చెబుతున్నారు. ఆయన ఆరోగ్యం కోసం, ఆయన ఇంటిల్లిపాది కోసం, ఆయన పంటల కోసం. అబ్రహాముకి ఒళ్ళు మండిపోయింది.

"మన నేల తవ్వేవాడి కోసం ప్రార్థనేంటండి! మీరు ఎవరి పక్కనున్నారు?"

"అదే నాకూ తెలియడం లేదురా," అన్నారు చిట్టియ్య గారు. వేళాకోళానికి కాదు, ఉన్నమాటే చెప్పారు.

ఈ వార్త ఊళ్ళోకి వేరేలా పాకింది. పాలమూరోళ్ళ పంతులు భీమరాజు గారి పేరు పెట్టి రోజూ ఏదో చదువుతున్నాడట, శాపం పెడుతున్నాడట అని చెప్పుకున్నారు. భీమరాజు గారి ముసలి తల్లి ఆ మాట విని అన్నం మానేసింది. దాంతో భీమరాజు గారు మోటారు సైకిలు మీద రివ్వున వచ్చి పందిరి ముందు ఆపారు. కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. చిట్టియ్య గారు వాళ్ళను కూర్చోమని సైగ చేసి ఎదురెళ్ళారు.

"ఏంటండీ ఇది? మా ఇంటికొస్తే కుర్చీ వేశాను, మజ్జిగిచ్చాను. నాకు శాపం పెడతారా?"

"అయ్యో, లేదండి. మీ మంచి కోరే చేస్తున్నానండి."

"మంచి కోరితే మా అమ్మ ఎందుకు భయపడుతోంది? నా పేరు తీసెయ్యండి అందులోంచి."

"తీసెయ్యలేనండి."

"ఎందుకు తీసెయ్యలేరు?"

చిట్టియ్య గారు వెనక్కి తిరిగి పందిరి వైపు చూశారు. మెల్లగా, తడుముకుంటూ అన్నారు: "మీ పేరు తీసేస్తే అక్కడ మిగిలేది మీ మీద కోపమేనండి. ఇక దాన్ని ఆరాధన అనడానికుండదు. ఇప్పటికే అవునో కాదో అని నలిగిపోతున్నాను."

భీమరాజు గారు ఆయన మొహంలోకి చూశారు. తిట్టడానికి వచ్చిన మనిషికి ఎదుటివాడి తికమక చూసి తిట్టు దొరకలేదు. "మీరేమంటున్నారో నాకేం అర్థం కాలేదు," అన్నారు చివరికి.

"నాకూ సరిగ్గా అర్థం కాలేదండి," అన్నారు చిట్టియ్య గారు.

ఆయన బండి ఎక్కి వెళ్ళిపోయారు. మాటల్లో ఏదీ తేలలేదు. మర్నాటికి చిట్టియ్య గారి గొంతు పూర్తిగా పోయింది. వాక్యం తీసి నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. అటూ ఇటూ చూశారు. చదవగలిగిన కుర్రాళ్ళున్నారు గాని ఎవరూ లేవలేదు. అప్పుడు గట్టు మీద నుంచి ఐజాక్ దిగి వచ్చాడు. ఇన్నాళ్ళూ అక్కడే నిలబడి ఉన్నాడు. వచ్చి, అయ్యగారి చేతిలోంచి బైబిలు తీసుకుని, ఆగిన చోట నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆ పూట గడియారం చూసుకోలేదు.

ఆ వారంలోనే చంద్రరావుకి బండి యజమాని దగ్గర నుంచి కబురొచ్చింది. వేరేచోట రోడ్డు పనికి బండి కావాలట. ఉన్నదేదో తవ్వించుకోండి, లేకపోతే వెళ్ళిపోతానని భీమరాజు గారికి చెప్పాడు. భీమరాజు గారు ఈసారి నడిచి వచ్చారు. పందిరి బయట నిలబడి చిట్టియ్య గారిని, ఐజాక్‌ను, అబ్రహామును పిలిచారు.

"తాడిచెట్ల వరసకి అవతలిదంతా మీకు వదిలేస్తాను. అక్కడ గట్టు వేసుకుంటాను. చెట్లకి ఇటువైపు నాది, తవ్వుకుంటాను. ఇంతకు మించి నన్నడక్కండి."

సమాధుల్లో ఎక్కువ భాగం చెట్లకి అవతలే ఉన్నాయి. కాని ఇవతల కోసిన అంచు పక్కన కూడా పాత సమాధులున్నాయి. సాయన్న మేస్త్రీని ఎక్కడ పెట్టారన్న మాట వచ్చింది. ఒక ముసలాయన చెట్లకి అవతలే అన్నాడు. ఇంకో ముసలావిడ కాదు, ఇవతలే, నేను మట్టి వేశాను అంది. అప్పుడు ప్రార్థన చేసిన చిట్టియ్య గారికే గుర్తులేదు. అప్పట్లో తాడిచెట్లు ఇంత ఎదగలేదు, దిబ్బలేమో తుపానులో పోయాయి. ఆయన సిగ్గుపడుతూ దేవకుమారి వైపు చూశారు.

దేవకుమారి లేసు పక్కన పెట్టి లేచింది. చెట్లకి ఇటు కొంతదూరం నడిచింది, అటు కొంతదూరం నడిచింది. ఒకచోట వంగి నేల మీద అరచెయ్యి ఆనించింది. తిరిగొచ్చి, "నాకూ తెలీడం లేదండి. ఒప్పుకోండి," అంది.

"అమ్మగారూ, మీ నాన్నగారు ఇవతలే ఉంటేనో?" అన్నాడు అబ్రహాము.

"ఉంటే ఉన్నట్టే. మిగతావాళ్ళలో ఎక్కువమంది అవతలే ఉన్నారు కదా," అంది. అని మొహం తిప్పుకుంది.

ఒప్పుకున్నారు. సగం గెలిచామని పెద్దవాళ్ళు, సగం ఓడిపోయామని కుర్రాళ్ళు అనుకున్నారు. చిట్టియ్య గారు ఏదీ అనుకోలేకపోయారు.

ఇక ఆరాధన ముగించాలి. జనమంతా లేచి నిలబడ్డారు. చంద్రరావు కూడా చెప్పులు విడిచి వచ్చి వెనక నిలబడ్డాడు. చిట్టియ్య గారు పక్కకి తప్పుకుని, "పాస్టరు గారూ, మీరు చెప్పండి," అన్నారు బొంగురు గొంతుతో.

"మీరు మొదలుపెట్టిందండి. మీరే ముగించాలి," అన్నాడు ఐజాక్.

"నేను రిటైరయ్యాను కదండీ."

"ఎప్పుడయ్యారో నాకైతే తెలీదండి," అన్నాడతను, నేల చూస్తూ.

చిట్టియ్య గారు చేతులెత్తారు. పడుచు వయసు నుంచీ ప్రతి ఆదివారం చెప్పిన మాటలు. ఒక్కటీ గుర్తు రాలేదు. ఎంత వెతికినా లోపల అంతా ఖాళీగా ఉంది. ముందు వరసలోంచి దేవకుమారి మొదటి మాట మెల్లగా అందించింది. రెండో మాట ఆమె పక్కనున్నవాళ్ళు అందించారు. మూడో మాటకల్లా జనమంతా చెబుతున్నారు, ఆయన వింటున్నారు. చేతులు మాత్రం దించలేదు. అలా ఆశీర్వాదం ఆయన ఇచ్చినట్టో పుచ్చుకున్నట్టో తెలియకుండా ఆరాధన ముగిసింది. కాసేపటికి ఇంజను మోగింది.

అబ్రహాము ఆ తరవాత కొన్నాళ్ళు మందిరానికి రాలేదు. నరసాపురంలో డప్పులూ మైకులూ ఉన్న పెద్ద ప్రార్థనకి వెళ్ళడం మొదలుపెట్టాడు. కనిపించినప్పుడు చిట్టియ్య గారు నిష్ఠూరమాడలేదు. "నువ్వడిగిన దానికి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నానురా," అనేవారు. పెళ్ళి కుదిరినప్పుడు మాత్రం అబ్రహాము తిన్నగా ఆయన గుమ్మంలోకే వచ్చాడు.

ఐజాక్ కూడా మారాడు. జబ్బుపడినవాళ్ళను చూడ్డానికి వెళ్తే, "అయ్యగారూ, మీరూ రండి," అని సైకిలు వెనక ఎక్కించుకునేవాడు. ఒక ఆదివారం అతను ప్రసంగం చేస్తే, మరో ఆదివారం ఈయన చేసేవారు. ఎవరూ ఏర్పాటు చెయ్యలేదు, అలా జరిగిపోయింది. భీమరాజు గారి పేరు ప్రార్థనలో అలాగే ఉండిపోయింది. తీసెయ్యమని ఎవరూ అడగలేదు. ఆయన చెరువు మొదటి పంట బాగా పండింది, తరవాతి పంటకు తెగులొచ్చింది. ఆ రెండిటికీ తన ప్రార్థనకూ ఏమన్నా సంబంధం ఉందా అని చిట్టియ్య గారు కలవరపడ్డారు. ఉందనుకున్నా భయమే, లేదనుకున్నా భయమే.

మరుసటి ఏడు కాన్ఫరెన్సు నుంచి ఒక పెద్దాయన సంఘాల్ని చూడ్డానికి వచ్చారు. అంతా చూసి, భోజనం చేసి, బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు అడిగారు.

"ఇంతకీ ఇక్కడ సేవ చేసేది ఎవరండీ?"

చిట్టియ్య గారు ఐజాక్‌ను చూపించారు. అదే క్షణంలో ఐజాక్ చిట్టియ్య గారిని చూపించాడు. పెద్దాయన ఒకరి తరవాత ఒకరిని చూసి, కళ్ళజోడు సర్దుకున్నారు. బస్సు వచ్చి ఆగింది. ఆయన సంచీ అందుకుని ఎక్కుతూ, "సరే, మీరు కొనసాగండి," అన్నారు.

బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

"ఆయన 'మీరు' అన్నది ఎవర్నండీ?" అన్నాడు ఐజాక్. "మిమ్మల్నా, నన్నా, ఇద్దర్నీ కలిపా?"

"నా వైపు చూసినట్టే ఉంది," అన్నారు చిట్టియ్య గారు. కాస్త ఆలోచించి, "మీ వైపు కూడా చూశారు," అన్నారు.

కాన్ఫరెన్సుకి మళ్ళీ ఫోను చేసి అడుగుదామా అనుకున్నారు గాని ఎవరూ చెయ్యలేదు. చిట్టియ్య గారు ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు, కాళ్ళు ఆడినన్నాళ్ళూ, పేటలో తిరిగారు. పాస్టరుగానో, పాస్టరు కానివాడిగానో ఆయనకు చివరి దాకా తేలలేదు. పిల్లలు జ్వరంతో వస్తే తల మీద చెయ్యి పెట్టడం మాత్రం మానలేదు.